స్టార్టరు పెట్టె తాళంచెవి

ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలో నా ఉద్యోగం పేరు
మా అమ్మకు ఇంతవరకూ నోరు తిరగలేదు.
అడిగినవాళ్లకు ‘పెద్దోళ్లకు టీచరు’ అంటుంది.
అంతకంటే బాగా నేనూ చెప్పలేను.

పెద్దోళ్లు వస్తారు.
బూట్లలో క్లింకరు బూడిదతో,
రాత్రి షిఫ్టు దిగని కళ్లతో,
బయట నాపరాయి పెనంలా కాలుతోంది,
లోపల ఏసీ ఉంది కదా అని వస్తారు.
చివరి వరుస ముందు నిండుతుంది.
హాజరు పట్టీ మీద సంతకాలు
ఉలితో చెక్కినట్టు పడతాయి.

ఆ రోజు పాఠం లాకౌట్, ట్యాగౌట్.
ముంబై నుంచి నలభై రెండు స్లయిడ్లు.
రెండు రాత్రులు కూర్చుని తెలుగు చేశాను.
‘శక్తి వనరుల వియోగ నియంత్రణ విధానం’
అని నేను రాసిన ముక్క నేనే పైకి చదివాను.
గదిలో ఏసీ రెక్క ఒక్కటే తల ఆడించింది.

తొమ్మిదో స్లయిడు దగ్గర
ఫిట్టరు దస్తగిరి లేచాడు.
బీడీకి పోతాడనుకున్నా.
‘మేడం, ఇదేందో నాకు తెలిసిందే అనిపిస్తాండాది.
ఒక మాట చెప్పొచ్చునా?’

‘మాది బావి సేద్యం.
కరెంటు రాత్రి రెండుకొచ్చేది, ఒక్కో దినం మూడుకు.
మోటరు కాడ వైరు తెగిందని
మా యన్న ఖాసిం బావిలోకి దిగినాడు.
స్టార్టరు పెట్టె పైన గట్టు మీద. దానికి తలుపు ల్యా.
నేను ఇంటికాడ పండుకోనుంటి.
పక్క చేనోళ్ల పిల్లోడు, పదేండ్లుంటాయేమో,
కరెంటొచ్చె, వీళ్లు నిద్రపోయినట్టుండారు,
మడి ఎండిపోతాదని
పచ్చ బటను నొక్కినాడు.

మేలు చేద్దామనే మేడం.’
కొంచెం ఆగి మళ్లీ అన్నాడు.
‘మేలు చేద్దామనే.’

‘వాడిప్పుడు పెద్దోడైనాడు, పెండ్లయింది.
ఇంగ ఏ బటనూ ముట్టడు.
ఇంట్లో లైటు గూడా పెండ్లామే ఏస్తాది.
అప్పట్నించీ మా ఊర్లో
బావిలోకి దిగేటోడు పెట్టెకు తాళమేసి
చెవి మొలతాడుకు కట్టుకోని దిగుతాడు.
మీరు చెప్పేది అదే కదా?’

అదే.
నలభై రెండు స్లయిడ్లూ అదే.

ప్రొజెక్టరు ఆపేశాను.
గోడ మీద కాసేపు తెల్లటి గడి ఒకటి నిలబడి
మెల్లగా గోడలో కలిసిపోయింది.
అందరం ఎండలో రా మిల్లు ప్యానెల్ దాకా నడిచాం.
ఒక్కొక్కరే తాళం వేశారు, పేరు రాసిన చీటీ తగిలించారు.
కాంట్రాక్టు లేబరు వెంకటసుబ్బయ్య
తాళం వేసి, ఏం ఆలోచించకుండా,
చెవిని మొలతాడులో దోపుకున్నాడు.
ఇంకో రోజైతే నవ్వేవాళ్లే.

శిక్షకుడి గడిలో దస్తగిరి పేరు రాసి
నా సంతకం కింద వాళ్లందరి మధ్య పెట్టాను.
ఆడిట్‌కు వచ్చినాయన వేలు పెట్టి అడిగాడు,
అర్హత గడి ఖాళీగా ఉందేమిటని.
నాకు తెలిసిన డిగ్రీలన్నీ ఒకసారి తలచుకున్నాను.
గడి ఇంకా ఖాళీగానే ఉంది.

నెలాఖరుకు హెడ్డాఫీసు మెయిలు:
శిక్షణ ఫలితం శాతంలో తెలుపగలరు.
జరగని దానికి శాతం ఎక్కడ తేను?
తెగని వేలు ఏ రిజిస్టరులోనూ ఎక్కదు.
ఇంటికి మామూలుగా చేరిన మనిషి,
కాళ్లు కడుక్కుని సంగటి ముందు కూర్చున్న మనిషి
ఏ గ్రాఫులో గీతై లేస్తాడు?
ఎనభై ఏడు అని కొట్టి పంపించాను.
ఎందుకు ఎనభై ఏడో నాకూ తెలియదు.

నా లెక్క వేరే ఉంది, ఎవరికీ పంపనిది.
పొద్దున క్యాంటీన్‌లో
ఉగ్గాని ప్లేట్లు పక్కకు జరిపి
టీ గ్లాసులు పట్టుకుంటారు కదా,
అప్పుడు మూల బల్ల దగ్గర నిలబడి ఎంచుతాను.
గ్లాసు చుట్టూ ఐదు.
ఐదు. ఐదు.
ఒక చోట మూడు, అది నేను చేరకముందుది.
ఐదు.
దస్తగిరివి ఐదు, గోళ్లలో గ్రీజు.
మళ్లీ ఐదు.

మధ్యాహ్నం షిఫ్టు ఇంకా రావాలి.